ముందే వచ్చిన రంగు

ల్యాబులో ఆమెను అందరూ స్కేలు మేడమ్ అంటారు. చాటుగా అనరు, ముఖం మీదే అంటారు, ఆమె కూడా ఏమాత్రం నొచ్చుకోకుండా పలుకుతుంది. టీకి నీళ్ళు పెట్టాలన్నా గ్లాసును కంటి ఎత్తుకు లేపి చూసిగానీ గిన్నెలో పొయ్యని మనిషికి అంతకంటే తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది. ఇంట్లోవాళ్ళకు మాత్రం ఆమె పెద్దకోడలు. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు, ల్యాబులో ఆమె అంకెకు ఎదురు లేదు.

ఆ సోమవారం పొద్దున ఆమె బల్ల మీద ఇరవై రెండు డబ్బాలు వరసగా ఉన్నాయి. అన్నీ మలం నమూనాలే. ఆ పని వచ్చిందంటే మిగతావాళ్ళందరికీ పక్కగదిలో ఏదో అర్జెంటు పని గుర్తొస్తుంది. ఆమెకు అలాంటి పనులు గుర్తురావు. మాస్కు బిగించి, గ్లౌజులు ఒకదానిమీద ఒకటి రెండు జతలు తొడుక్కుని, స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంటుంది.

ఆ ఇరవై రెండింటిలో ఒకటి ఇంటినుంచి వచ్చింది. పొద్దున్నే చిన్నకోడలు, అంటే ఆమె తోడికోడలు, గుమ్మం దాకా వెంట వచ్చి మూడు కవర్లలో చుట్టిన డబ్బాను చేతిలో పెట్టి తల పక్కకు తిప్పుకుంది.

"ఏమనుకోకండి అక్కా."

"అనుకోడానికేముంది. నేను రోజూ చూసేదే కదా. ఇంకెవరి చేతికో ఇచ్చుంటే అప్పుడు అనుకునేదాన్ని."

చిన్నకోడలికి నాలుగు నెలలుగా కడుపు మాట వినడం లేదు. రోజుకు ఏడుసార్లు, ఎనిమిదిసార్లు లేచి పరుగెత్తాల్సి వస్తోంది. తిన్నది ఒంటికి పట్టక బట్టలు వదులైపోయాయి. ఇంట్లో ఉంటే ఎలాగో గడిచేది, కానీ ఆమె ఉద్యోగం బస్‌స్టేషన్లో టికెట్ల కౌంటరు. ముందు పాతికమంది వరసలో నిలబడి ఉంటే మధ్యలో లేచిపోవడం కుదరదు. పేగుల డాక్టరు విషయమంతా విని ముందు ఈ పరీక్ష చేయించమన్నాడు. అంకె ఎక్కువ వస్తే గొట్టం వేసి లోపల చూద్దాం, రాకపోతే ఇది జబ్బు కాదు, మనసు పెట్టే పరుగు అన్నాడు.

పెద్దకోడలు ఒక్కొక్క డబ్బా మూత తీసి, సన్నని పుల్లతో గింజంత నమూనా తీసుకుని, మందునీళ్ళున్న చిన్న ట్యూబులో ముంచి, గిలకొట్టి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టింది. మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళలో సగం పరీక్షకు తీసుకుని, మిగతా సగం ఇంకో ట్యూబులో పోసి, నంబరు రాసి ఫ్రీజరులో పెట్టింది. ఫ్రీజరులో దాచమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అదొక అలవాటు. ఇంట్లో పాత చీటీలు కూడా ఆమె అలాగే దాస్తుంది.

ఆ తేరిన నీళ్ళలో వెతికేది తెల్లకణాల ఎంజైమును. దానికి తినడానికి ఒక మందు వేస్తారు. ల్యాబువాళ్ళు ముద్దుగా దాన్ని మేత అంటారు. ఎంజైము మేతను కొరికేకొద్దీ నీళ్ళు పసుపురంగు తిరుగుతాయి. ఆ రంగు ఎంత వేగంగా ముదురుతోందో యంత్రం పది నిమిషాలు చూసి అంకె వేస్తుంది. ఎంజైము ఎక్కువైతే వేగం ఎక్కువ, లేకపోతే సున్నా.

అరచేయంత ప్లాస్టిక్ పలకలో ఇరవై నాలుగు గుంటలు. ఇరవై రెండు నమూనాలకు, చివరి రెండు గుంటలు యంత్రం నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి. మన మనిషిది ముందు పెడదామని ఆమె చిన్నకోడలి నమూనాను మొదటి గుంటలో పోసింది. బంధుప్రీతి అంటే ఆమె చేసిందల్లా అంతే. తర్వాత మేత అందుకుంది. ఒకేసారి ఎనిమిది గుంటల్లో చుక్కలు కొలిచి వేసే పిపెట్టు మూడు వారాలుగా మరమ్మతుకు పోయి ఉంది. అందుకని ఒంటి పిపెట్టుతో ఒక్కో గుంటలో ఒక్కో చుక్క వేసి, మొన మార్చి, మళ్ళీ వేసి, మళ్ళీ మార్చి, ఇరవై నాలుగో గుంట చేరేసరికి గోడ గడియారంలో ఏడు నిమిషాలు నడిచాయి.

పలకను యంత్రంలోకి తోయబోతూ చూసింది. మొదటి గుంట అప్పటికే చిక్కగా పసుపెక్కి ఉంది. మలం రంగే కాస్త ఎక్కువగా దిగినట్టుంది అనుకుంది. అదేం కొత్త కాదు. మొదట ఉన్న రంగును నమూనాదిగా లెక్కగట్టి తీసేయడం యంత్రానికి తెలుసు. మూత వేసి మీట నొక్కింది.

పావుగంటలో కాగితం బయటికి వచ్చింది. మొదటి గుంట ఎదురుగా సున్నా ఉంది. చివరి రెండు గుంటల అంకెలు రావాల్సినట్టే వచ్చాయి. హమ్మయ్య అనుకుంది పెద్దకోడలు. మనస్ఫూర్తిగానే అనుకుంది. ఆ వెనకే ఇంకో మాట కూడా మనసులోకి వచ్చి కూర్చుంది. అయితే ఈ నాలుగు నెలల పరుగులేమిటి?

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారు ముందుగదిలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మరిది, అంటే చిన్నకోడలి భర్త, కుర్చీలో కాళ్ళు చాపి కూర్చున్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు, రోజంతా ఎక్కడం దిగడమే కాబట్టి ఇంట్లో అంగుళం కదలడు. పెద్దకోడలి భర్త ఇంకా రాలేదు.

"ఇంతకీ ఏం తేలిందమ్మాయ్?" అంది అత్తగారు.

"ఏమీ లేదత్తయ్యా. సున్నా."

"సున్నా అంటే మంచిదా చెడ్డదా? మీ లెక్కలు మాకేం తెలుస్తాయి."

పెద్దకోడలు చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చి, తీరిగ్గా చెప్పింది. అలా చెప్పడం ఆమెకు ఇష్టం. "పేగులో వాపొస్తే తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయత్తయ్యా. వాటి పొట్టలో ఎంజైములుంటాయి. క్రిముల్ని కొరికి చంపడానికి. క్రిములున్నా లేకపోయినా అవి వచ్చాయంటే ఊరుకోవు. ఎదురుగా ఏముంటే దాన్ని కొరుకుతాయి, సొంత పేగునైనా సరే. అందుకే పుండ్లు పడతాయి. ఆ ఎంజైము మలంలో కనపడిందంటే లోపల జబ్బున్నట్టు. ఈ అమ్మాయికి అసలు లేదు."

"కాపలాకుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టన్నమాట."

"అంతే. మన ఇంట్లో కుక్కే లేదు."

మరిది నవ్వాడు. అత్తగారు చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేస్తూ, "అయితే నా చిన్నకోడలు ఇన్నాళ్ళూ బాత్రూములో కాపురం పెట్టింది ఉత్తుత్తినేనా?" అంది. అత్తగారి మాటలో విషం లేదు. అత్తగారికి నవ్వించడం సరదా, అంతే. కానీ అందరూ నవ్వారు.

చిన్నకోడలు వంటింటి గడపలో కంచాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వబోయి మధ్యలో ఆపేసింది.

"సున్నానా అక్కా? సరిగ్గా చూశారా?"

పెద్దకోడలికి చురుక్కుమంది. పద్దెనిమిదేళ్ళ ల్యాబు పనిలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"నా చేత్తో చేశాను. ఇంతకంటే సరిగ్గా ఎవరు చూస్తారమ్మా?"

చిన్నకోడలు కంచాలు బల్ల మీద పెట్టి, ఒక్క నిమిషం నిలబడి, చీరకొంగు బిగించుకుని బాత్రూము వైపు నడిచింది. పరుగెత్తకుండా నడవడానికి ఆమె ఎంత కష్టపడిందో ఆ గదిలో ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున బాత్రూము దగ్గర గొడవైంది. ఇంటికంతా ఉన్నది ఒక్కటే బాత్రూము. పెద్దకోడలి భర్త ఆఫీసుకు ఆలస్యమై తలుపు మీద దబదబా బాదాడు. లోపలనుంచి చిన్నకోడలు "వచ్చేస్తున్నా బావగారూ" అని మూడుసార్లు అంది కానీ రాలేదు. 

పెద్దకోడలు దేన్నైనా పద్ధతిలో పెట్టగలదు. ఒక తెల్లకాగితం తీసుకుని, స్కేలు పెట్టి గీతలు గీసి, ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా వెళ్ళాలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తలుపుకు అంటించింది. చిన్నకోడలికి పొద్దున అయిదున్నర నుంచి పావుగంట. "మనసును ఒక టైముకు అలవాటు చేస్తే కడుపు అదే వింటుంది" అని చెప్పింది. చిన్నకోడలు తల ఊపింది. ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. పరీక్షలో జబ్బు కనపడలేదని ఆయన కాగితం రాసిచ్చాడు. ఆఫీసులో కాగితం అడిగారు కాబట్టి ఆమె దాన్నే తీసుకెళ్ళి ఆఫీసరు బల్ల మీద పెట్టింది. దాచుకోవచ్చుగదా అంటే ఆ పిల్లకు ఆ తెలివితేటలు లేవు.

బుధవారం ఇంటి తాళంచెవులు తారుమారయ్యాయి. చిన్నకోడలు పెద్దకోడలి చెవుల గుత్తి పట్టుకుపోయింది. ల్యాబునుంచి ఒక గంట ముందు బయటపడి పెద్దకోడలు బస్‌స్టేషనుకు వెళ్ళింది. కౌంటర్ల వెనక గదిలోకి బయటివాళ్ళను రానివ్వరు. అందుకని మూడో నంబరు కౌంటరు ముందు వరసలో నిలబడింది. ముందు తొమ్మిదిమంది ఉన్నారు. అద్దానికి అవతల చిన్నకోడలు లేదు. అద్దంలో గుండ్రటి కన్నానికి ఒక అట్టముక్క ఆనించి ఉంది. దానిమీద 'కాసేపట్లో వస్తాను' అని ఆమె చేతిరాత.

"ఈ కౌంటరావిడ ఎప్పుడూ ఇంతే" అన్నాడు వెనక సూటుకేసు పట్టుకున్న మనిషి. "గంటకోసారి టీకి పోతుంది."

"టీ కాదు, కబుర్లకి" అంది ముందున్న ఒకావిడ. "కూర్చుని చేసే పని కదా, ఒళ్ళు వంగదు."

పెద్దకోడలు తాళంచెవులు గుప్పిట్లో దాచుకుంది. ఆవిడ మా మనిషి అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంకా నిజం చెప్పాలంటే ఆ సూటుకేసు మనిషి మాట ఆమెకు అంత తప్పనిపించలేదు. గోడ గడియారం చూసింది. అట్టముక్క పదకొండు నిమిషాలు ఉంది.

చిన్నకోడలు వచ్చి కూర్చుంది. నుదుటి మీద జుట్టు తడిసి అంటుకుపోయి ఉంది. అట్టముక్క తీసి, ఎవరి ముఖమూ చూడకుండా, "ఎక్కడికండీ?" అని మొదలుపెట్టింది. టికెట్టు చింపేటప్పుడు అంచు వంకరగా చిరిగింది. వరస నలుగురికి తగ్గాక వెనకనుంచి స్టేషన్ ఆఫీసరు వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. అద్దం కన్నంలోంచి అతని మాట బయటికి బాగానే వినపడింది.

"ఇవాళ ఇది ఆరోసారి. జబ్బేం లేదని కాగితం నువ్వే తెచ్చావు కదమ్మా. జబ్బయితే నేనూ మనిషినే, ఆలోచించేవాణ్ణి. శనివారం దాకా చూస్తా. ఆ తర్వాత ఈ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారు."

"సరే సార్."

పెద్దకోడలి వంతు వచ్చింది. చెవుల గుత్తులు మార్చుకున్నారు. చిన్నకోడలు ఆమెను చూసి సిగ్గుతో చితికిపోయింది. పెద్దకోడలు కన్నం దగ్గరికి వంగి గొంతు తగ్గించి, "కొంచెం బిగబట్టుకోవచ్చు కదా అమ్మాయ్. ఉద్యోగం పోతుంది. వీళ్ళంతా ఏమంటున్నారో వింటున్నావా?" అంది.

"వింటున్నా అక్కా" అంది చిన్నకోడలు. ఆమె చూపు అప్పుడే వెనకున్న మనిషి మీదికి పోయింది. "ఎక్కడికండీ?"

గురువారం పొద్దున తలుపు మీది కాగితం ప్రకారం చిన్నకోడలు అయిదూ నలభై అయిదుకు బయటికి వచ్చింది, పెద్దకోడలు లోపలికి వెళ్ళింది. నేల అప్పుడే కడిగి ఉంది. బకెట్టు బోర్లించి ఉంది. చిన్నకోడలు శుభ్రంలో ఎవరికీ తీసిపోదు. కానీ తెల్లటి పింగాణీ అంచు కింద, నీళ్ళు సరిగా తగలని చోట, చిటికెన వేలంత చార ఒకటి మిగిలిపోయింది.

ఇంకెవరైనా అయితే నీళ్ళు పోసి ఊరుకునేవారు. పెద్దకోడలు మోకాళ్ళ మీద వంగి చూసింది. ఎర్రటి నెత్తురు, దాని చుట్టూ జిగురు. ఇలాంటిది ఆమె వారానికి పదిసార్లు డబ్బాల్లో చూస్తుంది. దీన్ని మనసు తయారు చెయ్యలేదు. ఏ మనసుకూ అంత చేతనవదు.

బయటికి వచ్చేసరికి చిన్నకోడలు వంటింట్లో గోడకు భుజం ఆనించి నిలబడి కూరగాయలు తరుగుతోంది. ఎప్పట్నించి అని అడుగుదామని పెద్దకోడలు నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. సున్నా అని చెప్పిన నోరే అది. ఆమె టీ కూడా తాగకుండా సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

ల్యాబు తెరిచి ఇంకా లైట్లన్నీ వెయ్యలేదు. ఆమె నేరుగా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి సోమవారం పలకను వెనక్కి తెచ్చింది. యంత్రం కాగితం మీద అంకె మాత్రమే ఇస్తుంది, కానీ ప్రతి గుంటకూ ఒక గీత కూడా గీసి దాచుకుంటుంది. ఆ గీతలు చూసే తీరిక రోజుకు ఇరవై రెండు డబ్బాలు వచ్చేచోట ఎవరికీ ఉండదు. ఆమె మొదటి గుంట గీతను తెరిచింది. ఎంజైము లేని గుంటల్లో గీత నేల మీద పడుకుని ఉంటుంది. ఉన్నచోట మెట్లెక్కినట్టు పైకి పోతుంది. చిన్నకోడలి గీత అడ్డంగా పడుకునే ఉంది, నిజమే. కానీ నేల మీద కాదు, పైకప్పుకు ఆనుకుని.

పెద్దకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. మొదటి గుంటలో చుక్క వేసింది, తర్వాత ఏడు నిమిషాలు ఇరవై మూడు గుంటలు తిరిగింది. ఆ ఏడు నిమిషాల్లో చిన్నకోడలి ఎంజైము ఉన్న మేతంతా తినేసింది. యంత్రం చూడటం మొదలుపెట్టేసరికి కొరకడానికి ఏమీ మిగల్లేదు. అందుకని రంగు ఇక ముదరలేదు, అందుకని సున్నా. ముందే వచ్చిన రంగును మలం రంగు అనుకుని యంత్రం తీసేసింది. ఆమె కూడా అదే అనుకుంది. జబ్బు లేక సున్నా రాలేదు. జబ్బు మరీ ఎక్కువై వచ్చింది.

అయినా అనుకోవడం వేరు, చూడటం వేరు. ఆమె ఫ్రీజరు తెరిచి, నంబరు వెతికి, తను దాచిన ట్యూబును బయటికి తీసింది. గుప్పిట్లో పెట్టుకుని కరగనిచ్చింది. ఈసారి వంద పాళ్ళు మందునీళ్ళకు ఒక పాలు నమూనా కలిపి పలచన చేసింది. పలకలో రెండే గుంటలు నింపింది, ఒకటి ఇది, ఒకటి సరిచూసుకోవడానికి. మేత వేసిన మరుక్షణం యంత్రంలోకి తోసి గీతను చూస్తూ నిలబడింది. గీత మెట్లెక్కింది. ఆగకుండా, జంకకుండా ఎక్కింది. పలచన చేసిన లెక్క తిరిగి కలిపితే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉండేదానికి నలభై రెట్లు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆగితే స్కేలు మేడమ్ కాదు. పిపెట్టు మరమ్మతుకు పోయినప్పటినుంచి నడిపిన పలకలన్నీ తెరిచి మొదట్లో మేత పడ్డ గుంటల గీతలు ఒక్కొక్కటే చూసింది. ఇంకో రెండు గీతలు పైకప్పుకు ఆనుకుని కనపడ్డాయి. రెండు నంబర్లు. వాటి వెనక ఎవరున్నారో, ఏ ఇంట్లో ఏ తలుపు మీద ఎవరు బాదుతున్నారో ఆమెకు తెలియదు. వాళ్ళ ట్యూబులు కూడా ఫ్రీజరులోంచి తీసి మళ్ళీ చేసింది. రెండూ మెట్లెక్కాయి.

ల్యాబు పెద్ద డాక్టరమ్మ పదింటికి వచ్చింది. పెద్దకోడలు మూడు పాత కాగితాలు, మూడు కొత్త కాగితాలు ఆమె బల్ల మీద పక్కపక్కన పెట్టి, నిలబడే మొత్తం చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎనిమిది మూతుల పిపెట్టు లేదు కదా. పరికరం లోపం వల్ల అని రాద్దాం. నీ మీదికి రాకుండా పోతుంది."

"పిపెట్టు లేకపోవడం నిజమే మేడమ్. కానీ రంగు ముందే రావడం నేను చూశాను. చూసి, మలం రంగని వదిలేశాను."

"అలా రాస్తే కొన్నాళ్ళు నీ రిపోర్టుల మీద ఇంకొకళ్ళ సంతకం కూడా పెట్టించాలి. పద్దెనిమిదేళ్ళ మనిషివి, నామోషీ కదా."

"పెట్టించండి మేడమ్."

డాక్టరమ్మ మొదటి కాగితం మీద వేలు పెట్టి, "ఈ మొదటి నంబరు ఎవరిది?" అంది.

"మా ఇంట్లో మనిషిది" అంది పెద్దకోడలు. 

తప్పును తప్పని తన చేత్తోనే రాసి సంతకం చేసింది. ఆ సంతకం చిన్నగా, కాస్త పక్కకు వాలి వచ్చింది. డాక్టరమ్మ అప్పటికప్పుడు పేగుల డాక్టరుకు ఫోను చేసి మూడు నంబర్లూ చెప్పింది. ఆ ఇద్దరికీ అక్కడినుంచే కబురు వెళ్తుందని చెప్పారు. మూడోదానికి కబురు మోసుకెళ్ళాల్సింది పెద్దకోడలే.

ఆ సాయంత్రం అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఆమె భర్త పేపరు చూస్తున్నాడు, మరిది కుర్చీలో ఉన్నాడు, అత్తగారు బట్టలు మడతపెడుతోంది. చిన్నకోడలు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్ళు తాగుతోంది. పక్కకు పిలిచి చెప్పచ్చు. దారంతా పెద్దకోడలు అదే అనుకుంటూ వచ్చింది. కానీ సున్నా అన్నది అందరి ముందే కదా.

"అమ్మాయ్, నీ పరీక్ష నేను తప్పు చేశాను" అంది.

పేపరు కిందికి దిగింది. అత్తగారి చేతిలో మడత ఆగింది.

"నీకు జబ్బుంది. మామూలుగా లేదు, చాలా ఉంది. అంత ఎక్కువుండబట్టే నాకు సున్నాగా కనపడింది. ఇవాళ మళ్ళీ చేశాను. రేపు పొద్దున డాక్టరు రమ్మన్నాడు, నేను కూడా వస్తాను. సోమవారం గొట్టం వేసి చూస్తారట, మందు మాత్రం రేపే మొదలుపెడతారు."

 అత్తగారే, "పోనీలే అమ్మాయ్, రోజూ అన్ని చేస్తావు, అందులో ఒకటి" అని ఏదో సర్దబోయింది.

"ఒకటి కాదత్తయ్యా, మనిషి. ఇవాళ పొద్దున లోపల నెత్తురు చూశాను నేను." పెద్దకోడలు చిన్నకోడలి వైపు తిరిగింది. "ఎప్పట్నించి పడుతోంది?"

చిన్నకోడలు గ్లాసు కింద పెట్టి వంటింటి గడప మీద కూర్చుంది. కోపంగా లేదు. అదే పెద్దకోడలికి భరించలేనట్టుగా ఉంది.

"మంగళవారం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"మీరు సున్నా అన్నాక నేను కూడా నమ్మేశానక్కా" అంది చిన్నకోడలు. "నెత్తురు కనపడితే, ఇది కూడా నా భ్రమేనేమో అనుకుని నీళ్ళు పోసేశాను. రెండోసారి చూడాలంటే భయమేసింది. నిజంగా ఉంటే మీ మాట కాదన్నట్టవుతుంది, లేకపోతే నాకు పిచ్చి పట్టినట్టవుతుంది." ఆమె మోచేతితో కళ్ళు తుడుచుకుని, వింతగా, కొంచెం నవ్వింది. "జబ్బుందని చెప్తుంటే ఎవరికైనా ఇంత హాయిగా ఉంటుందా అక్కా?"

పెద్దకోడలు వెళ్ళి ఆమె పక్కన గడప మీదే ఇరుక్కుని కూర్చుంది.  చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉండి ఆమెకు తెలియలేదు. దేన్నైనా కొలవగలిగిన మనిషి దాన్ని కొలుచుకోలేకపోయింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది.

మరిది లేచాడు. లేచి ఎటు పోవాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. అత్తగారు మాత్రం మడతపెట్టిన బట్టలు పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, బాత్రూము తలుపు దగ్గరికి వెళ్ళింది. పెద్దకోడలు జిగురు గట్టిగానే పూసింది. అత్తగారు గోళ్ళతో గీకి, చీల్చి, కాగితాన్ని ముక్కలు ముక్కలుగా ఊడదీసింది. ఒక మూల మాత్రం ఎంత గీకినా రాలేదు. "రేపు నీళ్ళు తడిపి తీస్తాలే" అని గొణుక్కుంటూ వచ్చి కూర్చుంది.

శుక్రవారం పొద్దున డాక్టరు చిన్నకోడలి పొట్ట నొక్కి చూసి, మాత్రలు రాసి, కాగితం మీద జబ్బు పేరు, చికిత్స మొదలైన తేదీ రాసిచ్చాడు. అవసరమైనప్పుడు మధ్యలో లేచి వెళ్ళనివ్వాలని కూడా రాశాడు. చిన్నకోడలు డ్యూటీకి ఆలస్యమవుతుందని అటునుంచి అటే వెళ్ళిపోయింది. కాగితం పెద్దకోడలు తన దగ్గరే ఉంచుకుంది. దీన్ని నువ్వు ఇవ్వకూడదు, నేనే ఇవ్వాలి అంది. ల్యాబుకు సెలవు పెట్టింది.

స్టేషన్ ఆఫీసరు గదికి బయటినుంచి దారి ఉంది. అతను కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇదే ముందు తెచ్చుంటే ఇంత దూరం రాదు కదండీ."

"ముందు తెచ్చింది తప్పు కాగితం సార్. ఆ పరీక్ష చేసింది నేను. తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు. డాక్టరు ఆ కాగితం రాసింది నేనిచ్చిన అంకెను బట్టే." తప్పు సవరించిన రిపోర్టు కూడా తీసి అతని ముందు పెట్టి, తన సంతకం వేలితో చూపించింది.

ఆఫీసరు ఆ సంతకం చూసి, ఆమెను చూసి, గడ్డం గోక్కున్నాడు. "సరే. ఆవిడ లేచినప్పుడల్లా పక్క కౌంటరువాళ్ళను సర్దుకోమని చెప్తాను. కుర్చీ ఆవిడదే. ఆ మాట మీరే చెప్పండి, నా నోటితో చెప్తే మళ్ళీ భయపడుతుంది."

చెప్పడానికి ఆమె మూడో నంబరు కౌంటరు ముందు వరసలో నిలబడింది. ముందు ఆరుగురు ఉన్నారు. అద్దం అవతల చిన్నకోడలు తల వంచుకుని టికెట్లు చింపుతోంది. అయిదుగురయ్యారు, నలుగురయ్యారు. ముందు ఇంకొక్కరే మిగిలాక చిన్నకోడలు ఒక్కసారిగా ఆగింది. పెదవులు బిగుసుకున్నాయి. కన్నంలోంచి పెద్దకోడలిని చూసింది, ఆ చూపులో ఇంకా పాత భయమే ఉంది. అట్టముక్క ఆనించి లేచి వెళ్ళిపోయింది. మాత్ర ఇవాళే కదా వేసుకుంది, పేగుకు ఆ సంగతి ఇంకా తెలియదు.

"అదుగో, మళ్ళీ పోయింది" అన్నాడు వెనకున్న పెద్దమనిషి, సంచి కింద పెడుతూ. "ఇలాంటి పనిదొంగలను పెట్టుకుంటే ఇంతే."

పెద్దకోడలు వెనక్కి తిరిగింది.

"పనిదొంగ కాదండీ. ఒంట్లో బాగోలేదు. ఆవిడ మా తోడికోడలు. జబ్బు లేదని రాసింది నేనే."

పెద్దమనిషికి అందులో సగమే అర్థమైనట్టుంది. అయినా గొంతు తగ్గించాడు. "అయ్యో, అలాగా. నాకు తెలీదమ్మా. ఎంతసేపు పడుతుందంటారు?"

అద్దానికి పైన గోడకు పెద్ద గడియారం ఉంది. పెద్దకోడలు దాని వైపు చూడలేదు.

"పట్టినంతసేపు పట్టనివ్వండి" అంది. అని, తిరిగి అట్టముక్క మీది చేతిరాత చూస్తూ నిలబడింది.